వెతకడం మానేసిన మనిషి

విశ్వేశ్వరరావు కాకినాడలో చదువుకున్నాడు. హైదరాబాదులో కొన్నాళ్లు, న్యూజెర్సీలో కొన్నాళ్లు పనిచేసి, కూతురు స్నేహ చంటిపిల్లగా ఉన్నప్పుడు కెనడా వచ్చాడు. నార్త్ యార్క్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఎప్పటివో పాత కంప్యూటర్ ప్రోగ్రాములు ఆగిపోకుండా చూసుకోవడం అతని పని. రెండేళ్ల కిందట కంపెనీ వాటన్నిటినీ మూలన పడేసి కొత్త సిస్టమ్ తెచ్చుకుంది. వాటితోపాటు అతన్నీ పంపించేసింది. అప్పటికి అతనికి యాభై ఆరేళ్లు.

మొదట్లో అతను పెద్దగా బెంబేలు పడలేదు. స్నేహ గ్వెల్ఫ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక, మిస్సిసాగాలోని వాళ్లింట్లో ఆమె గది ఖాళీగానే ఉంది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. పెద్ద ఉద్యోగాలకు అప్లై చేశాడు, తర్వాత చిన్నవాటికి చేశాడు. వయసు తెలియకుండా రెజ్యుమేలో మొదటి పదేళ్లూ తీసేసి చేశాడు. ఎక్కణ్ణుంచీ ఉలుకూ పలుకూ లేదు.

ఈలోగా అతని భార్య అన్నపూర్ణ పనిలో చేరింది. కెనడా వచ్చినప్పట్నుంచీ ఇల్లే చూసుకున్న మనిషి, ఎయిర్‌పోర్టు దగ్గర మందులు ప్యాక్ చేసే ప్లాంట్‌లో చేరి తొలి జీతం తీసుకుంది. కొత్తలో రోజంతా నిలబడి సాయంత్రానికి కాళ్లు వాచిపోయేవి. వేడినీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని ఫోన్‌లో అక్కతో మాట్లాడుతూ నవ్వేది. ఏడాది తిరిగేసరికి ఆమె కింద ఎనిమిదిమంది పనిచేస్తున్నారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో విశ్వేశ్వరరావుకు ఒక వీడియో ఇంటర్వ్యూ వచ్చింది. అవతల ఉన్న కుర్రవాడు చాలా మర్యాదస్తుడు. అడగాల్సినవి సగం కూడా అడగకుండానే, "యూ హావ్ సో మచ్ ఎక్స్‌పీరియన్స్, సర్" అని చిరునవ్వు నవ్వాడు. ఆ మాట కిందటేడు కూడా విన్నాడు. దాని అర్థం తెలుసు. లాప్‌టాప్ మూసేశాడు. మానేద్దామని అనుకుని మానేసింది కాదు. మర్నాడు తెరవబుద్ధి కాలేదు, ఆ మర్నాడూ అంతే. చొక్కా తొడుక్కోవడం, గదిలో కూర్చోవడం మాత్రం ఆపలేదు. "ఏమైనా తెలిసిందా?" అని అన్నపూర్ణ అడిగితే, "చూస్తున్నా" అనేవాడు.

ఎవరెవరు పనిచేస్తున్నారో, ఎవరు వెతుక్కుంటున్నారో తెలుసుకునే గవర్నమెంటు సర్వేకి ఆ వసంతంలో వాళ్లిల్లు ఎంపికయింది. నెలకోసారి ఫోన్ వచ్చేది. ఇంట్లో ఒకరు అందరి తరఫునా చెప్పొచ్చు కాబట్టి అన్నపూర్ణే చెప్పేది. మే నెలలో ఫోన్ వచ్చేసరికి ఆమె బీరకాయలు తరుగుతోంది. స్పీకర్ పెట్టి, తన పని గంటలు చెప్పింది. తర్వాత మీ వారు ఉద్యోగం వెతుకుతున్నారా అని ఫోన్లోని అమ్మాయి అడిగింది.

"యెస్, ఎవ్రీ డే" అంది అన్నపూర్ణ.

గడిచిన నాలుగు వారాల్లో ఏమేం చేశారు, ఎక్కడెక్కడ అప్లై చేశారు అంది అమ్మాయి. అన్నపూర్ణ కత్తిపీట ముందునుంచి తలెత్తి, అక్కడే ఉన్న భర్తవైపు చూసింది. మీరే చెప్పండి అన్నట్టు ఫోన్ అతనివైపు జరిపింది.

విశ్వేశ్వరరావు ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేసేవాడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ, "నథింగ్. ఐ స్టాప్డ్ లుకింగ్" అన్నాడు.

ఆ అమ్మాయి గొంతులో ఏ మార్పూ లేదు. ఉద్యోగం కావాలనుందా అని అడిగింది. ఉందన్నాడు. మరి ఎందుకు వెతకలేదంది. "నాకు ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె థాంక్యూ చెప్పి పెట్టేసింది.

"ఎప్పట్నుంచి?" అంది అన్నపూర్ణ.

"ఆ ఇంటర్వ్యూ అయినప్పట్నుంచి."

"మరి రోజంతా ఆ గదిలో ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యట్లేదు. కూర్చుంటున్నా."

ఆమెకు కోపం వస్తుందని అతను అనుకున్నాడు. ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "ఉద్యోగం రాకపోతే పోయిందండీ. తలుపేసుకుని, చొక్కా వేసుకుని ఉత్తినే కూర్చుంటున్నారంటే నాకు భయమేస్తోంది. నాకొక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు నిలబడి నిలబడి వస్తున్నావు. ఆ మొహం చూసి ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ సరిగ్గా తినలేదు.

జూన్ మొదట్లో ఒక పొద్దున ఆమెను ప్లాంట్‌కి దించి వస్తుంటే కారు రేడియోలో వార్తలు వచ్చాయి. నిరుద్యోగం కాస్త తగ్గిందట. అయితే పనిలో ఉన్నవాళ్లూ పని వెతికేవాళ్లూ కలిపి జనాభాలో ఎంత వంతు అన్న లెక్క కూడా తగ్గిందట. పెద్దవయసువాళ్లు పెరిగి ఏళ్లతరబడి అది దిగుతూనే ఉందని, ఒకప్పుడు ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి రావడంతో ఎక్కిన లెక్క ఇప్పుడిలా అయిందని ఎవరో ఎకనామిస్టు నింపాదిగా చెబుతున్నాడు. విశ్వేశ్వరరావుకు అప్పుడు తట్టింది. ఆ లెక్కల్లో వెతికేవాణ్ణే నిరుద్యోగి అంటారు. తను ఉద్యోగం రాకుండానే నిరుద్యోగి కాకుండా పోయాడు. తగ్గింది అని చెబుతున్న దాంట్లో తనూ ఉన్నాడు. రేడియో కట్టేసి, కారు ఒక షాపింగ్ ప్లాజా ముందు ఆపి చాలాసేపు కూర్చున్నాడు.

ఆ నెలాఖరులో తెలిసినవాళ్లు బ్రాంప్టన్‌లో గృహప్రవేశం చేసుకున్నారు. భోజనాల దగ్గర కొత్తగా పరిచయమైన ఒకాయన, "రావుగారూ, మీరెక్కడ చేస్తున్నారండీ?" అని అడిగాడు.

అతను నోరు తెరిచేలోగా అన్నపూర్ణ, "నేను చేస్తున్నానండీ. ఆయన ఇంట్లోనే ఉంటారు" అంది మామూలుగా. ఆయన తలూపి పప్పు వడ్డించుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో విశ్వేశ్వరరావు, "అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఏమనాలో మీరే చెప్పండి. వెతుకుతున్నారనాలా? రిటైరయ్యారనాలా?"

వెతుకుతున్నానంటే అబద్ధం. రిటైరయ్యానంటే తనంతట తనే వదిలేసినట్టు. తను వదిలెయ్యలేదు. ఇంకో మాటేదైనా ఉందేమోనని ఆలోచించాడు గాని, తెలుగులోనూ తోచలేదు, ఇంగ్లీషులోనూ తోచలేదు.

"ఏమో, నాకూ తెలీదు" అన్నాడు చివరికి.

ఆమెవైపు చూస్తే, తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. మర్నాడు ఆదివారమైనా ఓవర్‌టైమ్ ఒప్పుకుంది, తెల్లవారకుండానే వెళ్లాలి. హైవే మీద లారీల రొదకు లేస్తుందని విశ్వేశ్వరరావు పక్కరోడ్డులోకి తిప్పాడు. సిగ్నళ్ల దగ్గర మెల్లగా బ్రేక్ వేస్తూ, చుట్టు తిరిగి ఇంటికి పోనిచ్చాడు.