నిప్పుకుండ ముందు, కారు వెనక

మా బావ కారును నేను చంపాను. తుపాకీ అవసరం పడలేదు. ఒక జోకు, ఒక తాడు సరిపోయాయి. ఇందులో నవ్వడానికేముందని మీరు అడగవచ్చు. చాలా ఉంది. ఎటొచ్చీ నవ్వే హక్కు మీకుంది, నాకు లేదు.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. రంగూన్‌లో చిమిండైంగ్ బజారు వెనక మా కాపురం. నేను అప్పుడే బి.ఏ. ప్యాసయ్యాను. అంటే ఏ పనీ చేయకుండా ప్రతి పనికీ సలహా ఇచ్చే అర్హత సంపాదించానన్నమాట. మా అక్కను అప్ప అంటాం. ఆమె మొగుడు సింహాచలం బావ సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. ఒడ్డు నుంచి ఓడకు వేసిన బల్ల మీద ఏళ్ళ తరబడి నడిచీ నడిచీ, ఆయన కుడి భుజం ఎడమదానికంటే ఒక మెట్టు కిందికి దిగిపోయింది. ఇంకా మోస్తే ఆ చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పేశాడు. అప్పటినుంచి బావకు ఒకటే ధ్యాస. పాత కారొకటి కొని బాడుగకు తిప్పాలి.

"ఇన్నాళ్ళూ బస్తాని నేను మోసినాను, బామ్మర్దీ. ఇక కారు నన్ను మోస్తాది" అనేవాడు.

అప్ప చేతి గాజులు కారుగా మారాయి. సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర మింగళాడోన్ కంటోన్మెంటులో దాన్ని అమ్మాడు. కారు మంచిదే. నడవదు, అంతే. దొర దాన్ని షెడ్డులో పెట్టి ఒక వానాకాలమంతా మరచిపోయాడట. మా వీధిలో మెకానిక్కు ఉన్నాడు, తెస్తే బాగుచేస్తానన్నాడు. బావ ఆ మాట పట్టుకుని నేరుగా రేవుకు పోయి, ముఠా అంతా వింటూండగా, "రేపట్నుంచి నేను రాను" అని మేస్త్రీకి చెప్పేసి వచ్చాడు. ఆ మేస్త్రీతో అలా చెప్పినవాడు మళ్ళీ ఆయన గుమ్మం తొక్కాలంటే తల చాలా కిందికి దించాలి.

కారును ఇల్లు చేర్చే పని మాత్రం మిగిలింది. ఆ పనికి నా చదువు అక్కరకొచ్చింది.

కో బ తిన్ అని ఒక బర్మా మిత్రుడుండేవాడు. ఊరూరా తిరిగి బయోస్కోపు ఆడించేవాడు. ఆయన లారీయే ఆయన ఇల్లు. చెక్కగోడలు, కిటికీకి తెర, లోపల మంచం, పొయ్యి, ఒక కోడి, భార్య మ మియ. వెనక ట్రైలరు, అంటే డేరా సామాను వేసుకునే చిన్న తోకబండి. రేవు కూలీల లైన్లలో ఆటలాడీ ఆడీ ఆయనకు తెలుగు కూడా వంటబట్టింది. డేరాను దారిలో దింపేసి, ఖాళీ ట్రైలరుతో మింగళాడోన్ వచ్చాడు.

నేను, బావ, బావ తల్లి నూకాలత్త ఆ లారీలోనే వెళ్ళాం. బండికి పూజ చేయకుండా కదిలించకూడదని అత్త కొబ్బరికాయ, నిమ్మకాయలు, సాంబ్రాణి తెచ్చింది. సాంబ్రాణికి నిప్పులు కూడా ఇంటి పొయ్యిలోంచే, మట్టికుండలో, బొగ్గులు ఎగదోసుకుంటూ తెచ్చింది. పూజ చేసిన నిప్పును దారిలో పారేయకూడదు, తిరిగి ఇంటి పొయ్యిలోనే కలపాలి. అది వాళ్ళింటి ఆచారం. మ మియ మాత్రం ఆ కుండను చూసినప్పటినుంచీ ముఖం చిట్లించుకునే ఉంది. ఫిల్ము పెట్టెలు నిప్పురవ్వకే అంటుకుంటాయట.

షెడ్డు ముందు నేల వాలుగా ఉంది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టబోతే బండి కదులుతోంది. "గేరులో పెడితే కదలదు" అన్నాడు దొర కాపలావాడు. నేనే ఎక్కి పెట్టాను. కదలలేదు. నా జీవితంలో కారుకు సంబంధించి నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. షెడ్డులో కారు నిలిచిన చోట నల్లటి మడుగొకటి కనిపించింది. దాన్ని వానాకాలం ఖాతాలో వేశాను.

పూజయ్యాక కో బ తిన్ ట్రైలరును తట్టి, "దీని మీద ఎక్కిద్దాం. పలకలున్నాయి, నెట్టితే ఎక్కుతుంది. పది తాళ్ళతో కట్టేద్దాం" అన్నాడు.

అప్పుడు నాకు జోకు వచ్చింది. నాకు జోకు రావడమంటే ఇతరులకు తుమ్ము రావడంలాంటిది. ఎదుట ఎవరున్నారో చూసుకునే వ్యవధి ఉండదు.

"చక్రాలున్నదాన్ని మోసుకెళ్ళడమేమిటి కో బ తిన్? నలుగురూ పట్టి ఎక్కించి, తాళ్ళతో బిగించి, తలో పక్కా నడిచి తీసుకెళ్తే దానికి మా వాళ్ళలో వేరే పేరుంది."

"ఏటి పేరు?" అంది నూకాలత్త.

"పాడె అత్తా."

అత్త చేతిలోని కొబ్బరిచిప్ప కింద పడింది. "ఓలమ్మో! కొత్త బండిని పాడెక్కిస్తారేటి? నా కొడుకు పొట్టకూటి బండిరా!"

"జోకులే అమ్మా. బామ్మర్ది మాటలకేటి" అన్నాడు బావ.

"నువ్వూరుకో. బియ్యే సదివినోడు ఉత్తినే అంటాడేటి?"

ఆ క్షణంలో నేను "ఉత్తినే అన్నాను" అని ఉండవచ్చు. కాని నా చదువును ఇంత గట్టిగా నమ్మిన మనిషి అంతకుముందు తగల్లేదు. గొంతు సవరించుకుని, "తాడు కట్టి లాగితే సరి. స్టీరింగు నేను పట్టుకుంటాను" అన్నాను.

"నీకు తోలడం వచ్చా?" అన్నాడు కో బ తిన్.

"తోలేది మీరు. నేను వెంట రావడమేగా."

అలా బయలుదేరాం. ముందు ఇల్లు-లారీ, దాని వెనక ఖాళీ ట్రైలరు, ట్రైలరుకు కట్టిన తాడు, తాడు చివర మేము. నేను స్టీరింగు దగ్గర, అత్త వెనక సీట్లో నిప్పుకుండ ఒళ్ళో పెట్టుకుని. బావ లారీ కిటికీలోంచి తల బయట పెట్టి, బారసాలలో బిడ్డను చూసినట్టు తన కారును చూసుకుంటూ. మాకు కావలసిన ట్రైలరు మా ముందే ఊగుతూ, దారి పొడుగునా ఖాళీగా నడిచింది.

గేరు సంగతి నాకు గుర్తుందా? లేదు. గేరులో ఉన్న బండిని లాగితే చక్రాలు ఇంజనును తిప్పుతాయి. నూనె చుక్క లేని ఇంజను అలా తిరిగితే లోపల మాడిపోతుంది. నూనెంతా షెడ్డులోని ఆ నల్లటి మడుగులోనే ఉండిపోయింది. ఇవన్నీ తరువాత తెలిసిన విషయాలు. నా జ్ఞానమంతా తరువాత వచ్చేదే.

కొంతదూరం పోయాక కో బ తిన్ లారీ ఆపి దిగాడు. "చాలా బరువుగా ఉంది. ఏనుగును లాగుతున్నట్టుంది."

"దొర బండి గదా, కొంత బిగువుంటుంది" అన్నాను.

ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. మరికొంత దూరానికి ఇంజను లోపల్నుంచి ఒక మూలుగు. ఆ తరువాత పొగ.

"నాయినా, పొగొస్తంది" అంది అత్త.

"మీ సాంబ్రాణి అత్తా."

"సాంబ్రాణి ఎనకుంది. పొగ ముందరుంది."

పరిశీలించాను. నిజమే. అప్పుడు, నవ్వకండి, నేను కిటికీలోంచి తల బయట పెట్టి, "బావా! ఇంజను బతికింది!" అని అరిచాను. బావ అక్కడ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు ఇప్పటికీ వినిపిస్తాయి.

చిమిండైంగ్ దగ్గరపడుతుండగా ఇనుము ఇనుమును కరిచిన చప్పుడైంది. చక్రాలు బిగుసుకుపోయాయి. తాడు తెగింది. కో బ తిన్‌కు లారీ ఒక్కసారిగా తేలికైంది. పాపం, దారి ఎత్తు తగ్గిందనుకున్నాడట, హాయిగా వెళ్ళిపోయాడు. బావ మాత్రం కిటికీలో చేతులూపుతూ, చిన్నవాడవుతూ, మలుపు తిరిగిపోయాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను దిగి నిలబడి ఉన్నాను. బావ లోపలికి వంగి గేరు కర్రను చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ కర్రను చూశాడు.

"ఇది నువ్వు పెట్టిందే కదేటి?"

"అవును బావా."

"తీయనేదా?"

"తీయలేదు."

కారు ఇక ముందుకూ పోదు, వెనక్కూ పోదు. దారిన పోయే మనవాళ్ళు నలుగురు సాయం పట్టారు. పలకలు వేసి, ఎత్తి, ట్రైలరు మీద పెట్టి, తాళ్ళతో బిగించారు. ట్రైలరు కిర్రుమంటోందని కో బ తిన్ మనిషి నడకన పోనిస్తానన్నాడు. ఆ నలుగురూ బండి ఒరగకుండా తలో మూలా పట్టుకున్నారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని వెనక నడిచింది. నిప్పుకుండను మ మియ లారీ ఎక్కనివ్వలేదు. నేల మీద పెట్టడానికి అత్త ఒప్పుకోలేదు.

"మీరు పట్టుకోండి. ముందు నడిచి ఎడ్లబళ్ళను తప్పించండి" అన్నాడు కో బ తిన్ నాతో.

చేతిలో నిప్పుకుండతో నేను ముందు. నా వెనక లారీ, దాని వెనక నలుగురు పట్టిన కారు. చిమిండైంగ్ బజారులో తెలుగువాళ్ళు లేచి నిలబడ్డారు. తలపాగా తీసి చేత పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక ముసలాయన పక్కన నడుస్తూ మెల్లగా, "ఎవులు బాబూ?" అని అడిగాడు. నేను జోకు వేయకుండా ముందుకు నడిచాను. మొదటిసారి.

మా వీధి మలుపులో అప్ప గుమ్మంలో ఉంది. హారతి పళ్ళెంతో కారుకోసం చూస్తోంది. నన్ను చూసింది. కుండను చూసింది. వెనక అత్తగారి ఏడుపు చూసింది. మొగుడు ఎక్కడా కనబడలేదు. పళ్ళెం పడేసి కేకపెట్టింది.

అప్పుడు ట్రైలరు మీద, కారు లోపల్నుంచి బావ తల బయటికి వచ్చింది. ఎప్పుడెక్కాడో ఎక్కి, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

"ఒసే, నేనున్నానే! పోయింది కారే. ఒక్కపాలి కూకుందామని ఎక్కినాను."

తన కారులో ఆయన కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు.

అప్ప కళ్ళు తుడుచుకుంది. బోడిచేతులు ఒకసారి చూసుకుంది. నేను కుండతో గడప ఎక్కబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగరా. అలాగే లోపలికొస్తావేటి? నీళ్ళు పోసుకుని రా."

ఎవరినో సాగనంపి వచ్చినవాడికి పోసినట్టే, వీధిలోనే, నెత్తిమీద బకెట్టు గుమ్మరించింది. కుండలోని నిప్పు కూడా చప్పున ఆరిపోయింది.

బావ తల దించుకుని రేవుకు వెళ్ళాడు. మేస్త్రీ వరస చివర నిలబెట్టాడు. డాక్టరు మాట మీరకుండా బస్తాలు ఎడమ భుజానికి మార్చాడు. కొన్నేళ్ళకు రెండు భుజాలూ సమానంగా వచ్చాయి. మా కుటుంబానికి నేను చేసిన మేలు అదొక్కటే.

ఆ రోజు తడిబట్టలతో, ఆరిన కుండ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా జోకులు నా సొంత బండి మీద మాత్రమే వేస్తాను. ప్రతిజ్ఞకు భంగం రాకూడదని ఇంతవరకు సైకిలు కూడా కొనలేదు.