ఊదిన పొట్టు

ఉలితో గాడి తొలిచాక వడ్రంగులు అందరూ పొట్టును కుంచెతో దులుపుతారు. ఆ వీధిలో ఒక వడ్రంగి ఇంటివాళ్లు మాత్రం మొహం వంచి నోటితో ఊదేవారు. కుంచె పట్టేవాడు గోడలకు సున్నం వేసుకోవాలని వాళ్ల ఎగతాళి. తాత, తండ్రి అరవై చూడకుండానే ఆయాసంతో పోయారు. మన రక్తమే అంత అని ఇంట్లో సరిపెట్టుకున్నారు. రాసిపెట్టి ఉన్నది ముక్కుకు గుడ్డ కడితే ఆగుతుందా అని పెద్దకొడుకు నవ్వేవాడు.

తమ్ముడు దుమ్ము గిట్టక గడియారాలు బాగుచేసే పనిలో చేరాడు. ఉలికి భయపడ్డ పిరికివాడని అన్న పదిమందిలో అనేవాడు. నీ ఊపిరి పొట్టు కోసం దాచుకో అన్నయ్యా అని తమ్ముడు తప్పుకునేవాడు.

యాభై నాలుగో ఏట అన్నకు నాలుగు మెట్లెక్కినా ఊపిరి అందలేదు. డాక్టరమ్మ అతనికీ, తమ్ముడికీ, కొట్లో అతనితో పనిచేసే కూతురికీ రక్తపరీక్ష చేయించింది. ముగ్గురిలోనూ ఒకే లోపం. పుట్టుకతోనే ఊపిరితిత్తులకు కాపుదల తక్కువ. తమ్ముడు మాత్రం మూడంతస్తులు నడిచి ఎక్కి వచ్చి, అలుపు లేకుండా పక్కన కూర్చున్నాడు.

"ఇద్దరిదీ ఒకటే రక్తం కదమ్మా. వాడికేం కాలేదే?"

"రక్తం ఒక్కటే ఇంత చెయ్యలేదండీ. మీకు దుమ్ము తోడైంది."

అన్న తమ్ముడి మొహం చూడలేకపోయాడు. కూతురు గుర్తొచ్చింది. పదేళ్లప్పుడు దాన్ని పీట మీద నిలబెట్టి, బుగ్గలు పూరించి ఊదడం నేర్పింది తనే. మన ఇంటి పిల్ల అనిపించుకుందని వీధంతా చెప్పుకున్నదీ తనే.

ఇంటికొచ్చాక తీరిగ్గా ఒక కుంచె చేశాడు. పిడిని కూతురి గుప్పిటకు సరిపోయేలా చెక్కాడు. ఆమె అతను చూస్తున్నంతసేపూ దాన్ని వాడేది. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కొట్లోంచి ఉఫ్ మని వినిపించింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. కూతురు తను చేస్తున్న తలుపు చట్రం మీద వంగి ఉంది.

"చెయ్యి అలవాటు పడలేదు నాన్నా. అయినా రక్తంలోనే ఉన్నప్పుడు..."

అతనికి ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"రక్తంలో ఇచ్చింది తెలియక ఇచ్చానమ్మా. ఊదడం మాత్రం దగ్గరుండి నేర్పాను."

అతను పోయి రెండేళ్లు. కొట్లో కిటికీలు రెండూ తెరిచే ఉంటాయి. కూతురు ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది. గాడి తొలవడం అవగానే ఆ గుడ్డ వెనక పెదవులు ఇప్పటికీ ముందు గుండ్రంగా ముడుచుకుంటాయి. చెయ్యి కుంచె కోసం వెళ్లేది ఆ తరవాతే.