నాయిన తరాజులో నా క్యాంపు సంచి

మా చిన్నప్పుడు... ఒక శనివారం పొద్దున, మన్సూరాబాద్ కిరాయి ఇంట్లో, నాయిన తన కూరగాయల బండి తరాజును దూలానికి వేలాడదీశాడు.

తూచాల్సింది కూరగాయలు కాదు... నా సంచి. సోమవారం బడి పిల్లలను గుట్టల మీదికి నడక క్యాంపుకు తీసుకెళ్తున్నారు. వీపుసంచి ఐదు కిలోలు దాటకూడదన్నారు. నేను ఎనిమిదో తరగతి. ఊరు దాటి ఒక్కదాన్నే అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు.

దుప్పటి, సత్తు పళ్లెం, గ్లాసు, టార్చిలైటు, అమ్మ అల్లిన స్వెట్టర్... అన్నీ సంచిలో సర్ది తరాజు పళ్లెంలో పెట్టాను. రెండో వైపు నాయిన ఐదు కిలోల తూకం రాళ్లు వేశాడు.

"అక్కా, నువ్వు గూడ ఎక్కు. ఎన్ని కిలోల వంకాయలైతవో చూద్దాం" అన్నాడు తమ్ముడు.

సంచి వైపే మొగ్గింది. "అర్ధకిలో ఎక్కువున్నది బిడ్డా. స్వెట్టర్ తీసెయ్" అన్నాడు నాయిన. తీశాను. ముల్లు నిలబడింది.

ఆ రోజే బడిలో పీటీ సార్ ముందుగా చూద్దామని సంచులన్నీ కాటా మీద పెట్టించారు. నాది నాలుగున్నరే వచ్చింది. మళ్లీ పెట్టించారు... నాలుగున్నరే.

"స్వెట్టర్ ఏదమ్మా? పైన చలి కదా."

"బరువైతుందని తీసినం సార్. మా నాయిన బండి రాళ్లతోని తూచిండు." గొప్పగానే చెప్పాను...

సార్ వంగి కాటా ముల్లు ఇంకోసారి చూశారు. "మేం రోజూ ఆయన దగ్గరేగా కూరగాయలు తీసుకునేది" అన్నారు నెమ్మదిగా.

మా కిలో రాయి కిలో లేదని నాకు అప్పుడు తెలిసింది. పొద్దున నాయినకు గుర్తు రాలేదో... మా ముందు గుర్తు చేసుకోలేదో.

సాయంత్రం బండి ఇంటికొచ్చాక జరిగింది చెప్పాను. నాయిన ముఖం కడుక్కుంటూ ఆగిపోయాడు.

"ఇగనన్న రాళ్లు మార్చరాదా?" అంది అమ్మ.

"పక్క బండ్లన్ని గిట్లనే ఉన్నయ్. మనమొక్కలం మారిస్తే ఇల్లెట్ల నడుస్తది?"

"మరి సారు పిల్లను మళ్ల అడిగితే?"

"క్యాంపుకు పోతెనే కద అడిగేది."

అమ్మ నా వైపు చూసింది. తర్వాత ఎప్పటిలాగే అందరం మోకాళ్లూని ప్రార్థన చేశాం. అందులో రాళ్ల మాట రాలేదు.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు ట్రెక్కింగుకు వెళ్తూ, నాగోల్ ఫ్లాట్‌లో చేతికి వేలాడే చిన్న కాటాతో సంచి తూచుకుంటుంది. అది గ్రాములతో సహా చూపిస్తుంది. ఆ పిల్ల మారు మాట లేకుండా నమ్ముతుంది. మేమూ ఒకప్పుడు అలాగే నమ్మాం... మీ ఇంట్లో మీ నమ్మకం మొదట ఎక్కడ సడలిందో, రాయాలనిపిస్తే రాయండి.

ఆ సాయంత్రం మా ఇంట్లో తేల్చింది ఇది... రాళ్లు అవే ఉంటాయి. సోమవారం నాకు జ్వరమని తమ్ముడు బడిలో చెప్పి వస్తాడు.