మగ్గం గదిలో పచ్చ లైటు

పాలవాడు గంట కొట్టకముందే భాగ్యమ్మ పట్టుదారం కండెలు చుట్టేసేది. ఇరవై ఎనిమిదేళ్లు అదే వరస. తెల్లవారుజామున లేచి, మొహాన నీళ్లు చల్లుకుని రాట్నం ముందు కూర్చునేది. భర్త జయరాముడు మగ్గం గుంతలోకి దిగేసరికి ఆ రోజుకు కావలసిన రేశం కండెలన్నీ బుట్టలో సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు కండెలు అడిగే మనిషి లేడు. అయినా కళ్లు ఆ వేళకే తెరుచుకుంటాయి. లేస్తుంది. మగ్గం గది తలుపు తీస్తుంది. గోడకు బిగించిన తెల్ల నెట్ పెట్టె మీద చిన్న పచ్చ లైటు వెలుగుతోందా లేదా చూస్తుంది. చూసి, హిందూపురంలో ఉన్న కూతురు అరుణకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట చెప్తుంది.

“వెలుగుతాండాది.”

“సరేమ్మా” అంటుంది అరుణ నిద్రగొంతుతో.

అంతటితో భాగ్యమ్మకు తెల్లవారినట్టు.

పుట్టింది గోరంట్ల పక్క పల్లెలో. నాలుగో తరగతి దాకా చదివింది. ధర్మవరం కోడలిగా వచ్చినప్పుడు పోగు అతకడం కూడా రాదు. తెగిన రేశం పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి కలపడం జయరాముడే నేర్పాడు. కసురుకోకుండా నేర్పాడు, అది ఆమె ఎప్పుడూ చెప్పుకునేది. ఆయన పగలంతా మగ్గం నేసేవాడు, సాయంత్రాలు కంప్యూటరు ముందు కూర్చుని చీరల అంచులు గీసేవాడు. నెమళ్లు, మామిడి పిందెలు, ఏనుగుల వరసలు. జయరాముని అంచు అంటే చాలు, అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు. పద్దెనిమిదేళ్ల పని అంతా ఆ కంప్యూటరులోనే ఉంది. ఆ బొమ్మలు తెరిచే సాఫ్ట్‌వేరు ఇంకో మిషనులో పనిచేయదు.

కార్తీకంలో, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, తొట్టి దగ్గరే కూలిపోయాడు జయరాముడు. ఏడు నెలలయింది.

అరుణకు ఈ పని తండ్రి నేర్పిందే. హిందూపురంలో మగ్గాలవాళ్లకు డిజైన్లు గీసి ఇస్తుంది. తండ్రి పోయాక ఆయన అంచులు కావాలని వచ్చేవాళ్లందరూ కూతురి దగ్గరికే వచ్చారు. అందుకని నాలుగో మాసికం కాగానే అడిగింది.

“అమ్మా, కంప్యూటరు నేను తీసుకపోతా. ఈడ ఉంటే ఎవరికి పనికొస్తాది చెప్పు?”

భాగ్యమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. ఏరుతూనే అంది, “మగ్గం ఆగిపోయింది. అదీ పోతే ఆ గది తలుపు నేను యాల తీయల్ల?”

వారం తర్వాత అరుణ పెనుకొండ నుంచి నరసింహను వెంటబెట్టుకుని రైలు దిగింది. నరసింహ షాపులకు కెమెరాలు బిగిస్తాడు, ఇళ్లకు నెట్ పెడతాడు. నలభై దాటిన మనిషి. చేతికంటే నోరు ఎక్కువ పనిచేస్తుంది.

“దీన్ని వీపీఎన్ అంటారక్కా.”

“పేరు నాకెందుకప్పా, ఏం చేస్తాదో చెప్పు.”

“హిందూపురంలో అరుణ కూర్చుంటాది. కంప్యూటరు ఈడ నీ ఇంట్లోనే ఉంటాది. మధ్యలో ఊరంతా తిరిగే దారి. ఆ దారిలోనే మనకొక్కరికే ఒక గొట్టం ఏస్తాం. లోపల ఏం పోతాండాదో బయటోళ్లకు కనపడదు. ఆ పక్కొక బీగం, ఈ పక్కొక బీగం. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే తెరుచుకుంటాది.”

“అంటే నా కూతురు వాళ్లింట్లో కూర్చోనే మా ఇంట్లోకి వస్తాది.”

“అంతే!”

“కాళ్లు కడుక్కోకుండా.”

అరుణ పకపకా నవ్వింది. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

పని ఒక్క రోజులో తేలలేదు. వీధిలో నలభై ఇళ్లకూ కలిపి నెట్ కంపెనీ ఒకే అడ్రసు ఇచ్చిందట. “పోస్టుమాన్ వస్తే యా ఇంటికని పోతాడక్కా? మీకంటూ ఒక నంబరు కావల్లని రాసి పంపించినా” అన్నాడు నరసింహ. నాలుగు రోజులకు నంబరు వచ్చింది. మళ్లీ వచ్చి తెల్ల పెట్టెలో ఏవేవో కొట్టాడు, అరుణ ల్యాప్‌టాప్‌కు బారెడు అక్షరాల తాళంచెవి పంపాడు. పోతూ పోతూ చెప్పాడు, “ఈ పెట్టె, ఈ కంప్యూటరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండల్లక్కా. ఆపితే గొట్టం మూసుకుంటాది.” భాగ్యమ్మ తల ఊపింది.

మర్నాడు తొమ్మిది గంటలకు గది ఊడుస్తుంటే తెర వెలిగింది. ఎవరూ కూర్చోని కుర్చీ ముందు, ఎవరూ ముట్టని మౌసు పక్కన, తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదిలింది. ఒక బొమ్మ తెరిచింది, ఇంకోటి మూసింది, ఒక నెమలి తోక దగ్గర కాసేపు ఆగి ఆలోచించింది. భాగ్యమ్మ చీపురు పక్కన పెట్టి మగ్గం గట్టు మీద కూర్చుంది. కూతురని తెలుసు. తెలిసినా, లేచి వెళ్లి ఒక గ్లాసు టీ పెట్టుకొచ్చి, ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుని తాగింది. అప్పటి నుంచి రోజూ తొమ్మిదింటికి ఆమె టీ అక్కడే.

నెల తిరిగేసరికి ఒక రోజు గొట్టం తెరుచుకోలేదు. అరుణ నరసింహ మీద విరుచుకుపడింది. అతడు మర్నాడు వచ్చి చూస్తే అంతా సవ్యంగా ఉంది. ఇంకో నెలకు మళ్లీ అదే తంతు. ఈసారి కొత్త అంచు కోసం మగ్గం ఆపుకుని కూర్చున్న మనిషి ముందు అరుణ తల దించుకోవలసి వచ్చింది. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే ఫోన్ మోగింది. “వెలుగుతాండాది.”

“నిన్న యాడికి పోయింటివమ్మా?”

“గుడికి. ఆణ్ణించి మీ మేనత్త ఇంటికి. ఫోను ఇంట్లోనే మరిచిపోయినా.”

అరుణ ఆ పూట రైలుకే వచ్చింది. పెనుకొండలో నరసింహా ఎక్కాడు.

“నన్ను చూస్తే దీనికి భయమో ఏమో, నేనొస్తే పనిచేస్తాది” అంటూ అతడు పెట్టె లోపలి చిట్టా తెరిచాడు. ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు లేచిందో అదే రాసుకుంటుందట. చూస్తూ చూస్తూ నోరు మూసుకున్నాడు. ఏడింటికి ఆగింది, మర్నాడు తెల్లవారి లేచింది. రెండుసార్లూ అంతే.

“అక్కా, నిన్న ఏడింటికి ఈ గదిలో ఏం చేసినావు?”

“ఏం చేస్తానప్పా? ఊడ్చినా, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టినా, గుడ్డ కప్పినా, స్విచ్చు ఆపినా. అమాస గదా!”

నరసింహ అరుణను చూశాడు. అరుణ తల పట్టుకుంది. అమావాస్యకు మగ్గానికి సెలవు. ఆ వీధిలో అది ఎవరూ చెప్పనక్కరలేదు. పోగును అటూ ఇటూ నడిపే నాడె ముట్టరు, పోగు తెంపరు.

“కంప్యూటరు మగ్గమామ్మా?”

“మగ్గం గదిలో ఉండేదేదైనా మగ్గమే. మీ నాయన ఉన్నప్పుడు అమాస రోజు ఈ గదిలో కరెంటు ఉండిందా? పొద్దున్నే ‘స్విచ్చు ఆపు భాగ్యా’ అని ఆయనే చెప్తాండె. ఎప్పుడూ ఆన్‌లో ఉండల్లని ఈయప్ప చెప్పినాడు, నిజమే. ఎప్పుడూ అంటే అమాసకు గూడానా?”

“నాదే తప్పుబ్బా, పంచాంగం చూసి చెప్పల్సింది” అన్నాడు నరసింహ. ఎవరూ నవ్వలేదు.

అరుణ గొంతు తగ్గించింది. “ఆ రోజే ఎక్కువ పనుంటాదమ్మా నాకు. మగ్గాలోళ్లు సెలవు రోజే వచ్చి కూర్చుని అంచులు ఎంచుకుంటారు. నాయన పేరు చెప్పుకుని బతుకుతాండా. వచ్చే అమాసకు ఇది ఆగిందంటే బండి తెచ్చి ఎత్తుకపోతా. నన్ను తిట్టుకోవద్దు.”

ఆయన పోయాక ఆ ఇంట్లో ఆయన మాట ప్రకారం ఇంకా జరుగుతున్నది ఆ ఒక్కటే. అది మానితే ఆయన మాట పోతుంది. మానకపోతే ఆయన పని ఇల్లు దాటిపోతుంది. పదిహేను రోజులు భాగ్యమ్మకు అన్నం తింటున్నా, నీళ్లు తోడుతున్నా అదే ఆలోచన.

ఒక మధ్యాహ్నం అరుణ ఫోన్ చేసింది.

“అమ్మా, పోయినేటి క్యాలెండరు ఉండాదా?”

పాత క్యాలెండర్లు భాగ్యమ్మ పారేయదు. ఒకే మేకుకు ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. పైది ఎత్తి అడుగుది తీసింది.

“జంట నెమళ్ల అంచు గీసిన తేదీ ఈడ పడింది. జనవరి ఇరవై తొమ్మిది. ఏముంది చూడు.”

వేలు పెట్టి వెతికింది. ఆ తేదీ పక్కన నల్లటి సున్న ఉంది. అమావాస్య.

“మార్చి ఇరవై తొమ్మిది?”

నల్ల సున్న.

“జూన్ ఇరవై ఐదు?”

భాగ్యమ్మ కాగితం తిప్పింది. మళ్లీ నల్ల సున్న. అటు పక్క నుంచి అరుణ అంది, “జనాలు అడిగి తీసుకపోయేవన్నీ ఇవేమ్మా. సాయంత్రాలు గీసినవి మామూలువి. మంచివన్నీ అమాస రోజు గీసినవే.”

భాగ్యమ్మ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుంది. అమావాస్య నాడు పప్పన్నం తిని, “మగ్గం గదిలో సల్లగా ఉంటాది, రవ్వంతసేపు పడుకుంటా” అనేవాడు. తలుపు దగ్గరికి వేసుకునేవాడు. సాయంత్రం ఆమె దీపం పెట్టడానికి పోతే, తాను పొద్దున ఆపిన స్విచ్చు వేసి ఉండేది. ఫ్యాను కోసం వేసుకున్నాడేమో అనుకునేది. ఆ మనిషి కళ్లు పడుకుని లేచినవాడి కళ్లలా ఉండేవి కావు. అదీ చూసింది, అయినా అడగలేదు. పెళ్లాం చేత సెలవు ఇప్పించుకుని, ఆమె వెనక ఆ సెలవును తనకిష్టమైనదానికి వాడుకున్నాడన్నమాట.

“దొంగోడు” అంది పైకే. ఏడు నెలల్లో ఆయన్ను తిట్టడం అదే మొదలు. తిట్టాక చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులో వెనకటి బరువు లేదు.

అమావాస్య వచ్చింది. తెల్లవారి లైటు చూసి కూతురికి చెప్పింది. స్నానం చేసి గది ఊడ్చింది. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టింది. నాడెను తుడిచి దాని గూట్లో పెట్టింది. తెల్ల గుడ్డ నాలుగు కొసలూ సరిచేసి మగ్గం మీద కప్పింది. ఏడు దాటింది. స్విచ్చు బోర్డు తలుపు పక్కనే ఉంది. ఆ రోజు చేయవలసిన పనుల్లో అదొక్కటే మిగిలింది.

గుడికని తీసిన సంచిని తిరిగి మేకుకు తగిలించింది. తొమ్మిది కావస్తుండగా వంటింట్లోకి పోయి టీ పెట్టింది. ఈసారి రెండు గ్లాసులకు నీళ్లు పోసింది, పోసి, ఒక గ్లాసుకు సరిపడా ఉంచి మిగతాది వంచేసింది. గ్లాసుతో వచ్చి మగ్గం గట్టు మీద కూర్చునేసరికి తెర వెలిగింది. బాణం గుర్తు నెమళ్ల మీదుగా నెమ్మదిగా పోతోంది. బోర్డు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చుంది.