లీకుల బావ

లోకంలో కారే ప్రతిదానికీ మందు పొడేనని నమ్మిన మనిషి మెకానిక్ వాళ్ళ బావ. రేడియేటర్‌లో వేస్తే చిల్లు తనంతట తానే పూడుతుందని చెప్పి అమ్మే లీకుల పొడి డబ్బా ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. కళ్ళజోడు మరిచిపోయి బయటికి వెళ్ళిన రోజులున్నాయి గానీ, ఆ డబ్బా మరిచిన రోజు లేదు.

ఒకసారి పళ్ళ డాక్టరు కారు కింద తడి చూసి, ఆయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా రేడియేటర్ మూత తిప్పి డబ్బా మొత్తం ఒంపేశాడు. తీరా చూస్తే అవి ఏసీ నీళ్ళు.

"అయితే ఏం? రేపు కారబోయేది ఇవాళే ఆగిందిగా!" అన్నాడు తొణక్కుండా.

ఆ కారు మర్నాడే ఆవిరి కక్కుతూ మెకానిక్ షెడ్డుకొచ్చింది. జలుబుతో ముక్కు కారుతున్నప్పుడు మెకానిక్ వాళ్ళ అక్క సైతం మొగుడి జేబు వైపు అనుమానంగా చూసి దూరం జరిగేదని చెప్పుకునేవారు.

అవి మెకానిక్‌కి పని మీద మనసున్న రోజులు. భార్య పోయాక అతనికి షెడ్డు తలుపు తియ్యడమే బరువైపోయింది. ఎవరితోనూ మాటల్లేవు. వచ్చిన బండ్లని పక్కవీధికి పంపించేస్తున్నాడు. చివరికి పనిముట్లు అమ్మేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు.

"ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడతావట్రా?" అని ఏడ్చింది అక్క.

"గోడలైతే ఎదురు ప్రశ్నలు వెయ్యవు" అన్నాడు.

పనిముట్లు కొనేవాళ్ళు రావాల్సిన రోజే బావ కారు పొగలు కక్కుతూ వచ్చి షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆగిపోయింది.

"మళ్ళీ పొడి వేశావా?"

"చిటికెడే."

"చిటికెడంటే?"

"రెండు డబ్బాలు."

చల్లారాక మూత తీస్తే లోపలంతా బురద. మెకానిక్‌కి తిక్క నషాళానికంటింది. "ఇది రేడియేటరా, మురిక్కాలవా? చిన్న టంకంతో పోయేదానికి గొట్టాలన్నీ మూసేశావు! నీకు బుద్ధుందా బావా?"

"ఉండేదిరా. అదీ కారిపోయింది. పొడి వేద్దామంటే మూత ఎక్కడుందో దొరకలేదు."

మెకానిక్ నోటికొచ్చినట్టు తిట్టాడు. గొంతెండిపోతే బావ ఫ్లాస్కులో తెచ్చిన టీ తాగి, ఓపిక తెచ్చుకుని మళ్ళీ తిట్టాడు. పనిముట్ల కోసం వచ్చినవాళ్ళని "చేతిలో పనుంది, తర్వాత రండి" అని పంపేశాడు.

తర్వాతి వారం బావ మళ్ళీ దిగాడు. ఆ పై వారమూ అంతే. ఒళ్ళు మండి మెకానిక్ ఏకంగా కొత్త రేడియేటర్ బిగించాడు.

"ఇంక చచ్చినా కారదు. ఈసారి పొడి అన్నావో, డబ్బా నీ నోట్లో ఒంపుతాను!"

వారం తిరక్కుండానే అదీ కారింది.

ఈసారి మెకానిక్ తిట్లు పక్కనపెట్టి కారు కింద దూరాడు. రేడియేటర్‌కి చిల్లు లేదు. పైపుని పట్టుకునే క్లిప్పు మాత్రం వదులైంది. దాని స్క్రూ తల మీద కొత్త గీతలున్నాయి. స్క్రూడ్రైవర్ పట్టడం రానివాళ్ళెవరో జారుతూ జారుతూ తిప్పిన గీతలవి. అతను బిగించిన క్లిప్పు ఊరికే వదులైన చరిత్ర లేదు. అంటే ముందు లీకు చేసి, ఆ తర్వాత పొడి వేస్తున్నాడన్నమాట ఈ మహానుభావుడు!

ఎందుకో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈమధ్య అతను నోరారా మాట్లాడిన మాటలంటూ ఉంటే, అవి బావని తిట్టిన తిట్లే. పానాలన్నీ నూనెతో మెరుస్తున్నాయి. అమ్మకం మాట ఎత్తి ఎన్నాళ్ళైందో అతనికే గుర్తులేదు. కారు కింద పడుకునే నవ్వుకున్నాడు. బావ మీద కొండంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఏరా, నిద్రపోయావా? తిట్టవేం?" పైనుంచి బావ గొంతు కంగారుగా వినిపించింది. "మూడు డబ్బాలు వేశాను, వింటున్నావా?"

మెకానిక్ బయటికొచ్చి, మొహం గంటు పెట్టుకుని చేతులు తుడుచుకున్నాడు.

"బావా, వచ్చేవారం నుంచి క్లిప్పు నేనే వదులు చేసి పంపిస్తాను. నువ్వు స్క్రూలన్నీ పాడుచేస్తున్నావు."

బావ తెల్లబోయాడు. దొరికిపోయిన దొంగలా జేబు తడుముకున్నాడు.

"మరి... పొడి?"

"అది నువ్వే వెయ్యి. తిట్టడానికి నాకూ ఏదో ఒకటి ఉండాలిగా!"