టిక్కెట్టు అడ్డం పెట్టిన ఫోటో

కంప్లి నుంచి బళ్లారికి బస్సులో పోతాంటి. పిట్టల ఫోటోల పోటీకి ఇచ్చేదానికి ఆ పొద్దే ఆఖరు. ఫోన్లో ఉండే ఫోటోను మళ్లా మళ్లా చూసుకుంటాంటి. మా ఇంటెనక ఎగిరిన పిచ్చిక అది. ఆధార్ కార్డు ఫోటో మాదిరి పిట్టను నడిమధ్యలో పెట్టి, చుట్టూ ఉండేదంతా కత్తిరించింటి.

పక్కన కూర్చున్న ముసలామె తొంగి చూసింది. "పిట్ట బాగుండాది. దేనికి బెదిరి లేసిందప్పా?"

"మా ఇంటామె బియ్యం చెరుగుతాంటే లేసిందమ్మా."

"ఆమె యాడ?"

"కత్తిరించేస్తినమ్మా. మాసిన చీరలో ఉండా, నా మొగం ఊరికంతా చూపిస్తే నీ ఫోను బాయిలో ఏస్తా అనింది."

ఆయమ్మ నవ్వింది. "కత్తిరించంది చూపీ."

భయపడతానే చూపిస్తి. ఆయమ్మ తన బస్సు టిక్కెట్టు తీసి మా ఆమె మొగానికి అడ్డం పెట్టింది. చాట, రెండు చేతులు, లేసే పొట్టు మిగిలినాయి. పిచ్చిక ఒక పక్కకు వచ్చింది, దాని ముందర అంతా ఆకాశమే.

"పిట్ట పోయేదానికి జాగా ఉండల్ల కదప్పా," అనింది. కురుగోడులో దిగిపోయింది. పేరు గూడా అడగలా.

అట్లే కత్తిరించి ఇచ్చొస్తి. ఇంటికొచ్చి మా ఆమెకు చూపిస్తి. ఆమె చానాసేపు చూసింది.

"ఈ చేతులు నావని ఎవరన్నా కనుక్కుంటారా?"

"ఎవరూ కనుక్కోరులే," అంటి.

ఫోటోలో తన చేతుల మీద ఏలు పెట్టి, "ఎవరూ కనుక్కోరా?" అని మళ్లా అడిగింది.