ఎండుచేపల గది

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడింది నేను. దాని నింద మాత్రం ఇంకొకాయన మోస్తున్నాడు. ఇక విసుగొచ్చేసింది. ఎవరి మీద? నా మీదే. మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది భావనపాడు దాటాక ఒక చేపల పల్లె. తుపాను షెల్టరు కట్టే ముందు, అందులో మీకేం కావాలో చెప్పమని ఇంజినీరు కబురు పెట్టాడు. ఊరు నన్ను పంపింది. పంపదా మరి? బడి మానేసినా, బస్సెక్కి పట్నం గ్రంథాలయానికి పోయి చదువుకున్నవాణ్ని. తుపానుల మీద అక్కడున్న పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ని. బస్సు ఖర్చు మా పిన్ని ఇచ్చేది, ఎండుచేపలమ్మిన డబ్బుల్లోంచి.

ఆడవాళ్లు చెప్పి పంపింది ఒక్కటే. షెల్టరులో ఎండుచేపల గంపలు పెట్టుకోడానికి ఒక గది. వేట సాగని రోజులకు ఆధారం అవే. వాటిని గాలికీ నీటికీ వదిలేసి రావడం వాళ్లకు కష్టం.

నేను వెళ్లి ఏం మాట్లాడాను? స్తంభాల మీద కట్టాలన్నాను, ఉప్పెన నీళ్లు కిందినుంచి పోవాలి కదా. మూలలు గుండ్రంగా ఉంటే గాలి దెబ్బ తగ్గుతుందన్నాను. ఇంజినీరు రాయడం ఆపి, "మీరెక్కడ చదువుకున్నారండీ?" అన్నాడు. ఆ 'మీరు', ఆ 'అండీ'! పొంగిపోయాను. "ఇంకేమైనా కావాలా?" అని కూడా అడిగాడు. ఎండుచేపల మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే, గ్రంథాలయంలో నేను కూర్చోగానే పక్క కుర్చీలోంచి లేచిపోయేవాళ్లు గుర్తొచ్చారు. ఎంత ఉతికినా నా చొక్కాని వదలని ఆ వాసన గుర్తొచ్చింది.

"అంతేనండీ" అన్నాను.

తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు రేవులో కాచుకుని ఉన్నారు.

"ఏటన్నాడ్రా? గది కడతానన్నాడా?" అంది పిన్ని.

"కుదర్దన్నాడు పిన్నీ. కంపు కొడతాదంట."

"ఓలమ్మ! సేప తిన్నప్పుడు ఆడికి కంపు రాదేటి? గట్టిగా అడిగినావా?"

"అడిగినాను. రెండుసార్లు అడిగినాను."

రెండుసార్లు! ఒట్టి అబద్ధం చాలలేదా? దానికి అలంకారం కూడా కావలసొచ్చిందా నాకు? ఆ కంపు మాట ఇంజినీరు అనలేదు. ఆ మాట నాది, ఆ ముక్కూ నాదే.

షెల్టరు లేచింది, గుండ్రటి మూలలతో, స్తంభాల మీద. దాన్ని చూసి కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా.

ఆ తర్వాత పెద్ద తుపాను వచ్చింది. గంపలు తేకూడదని ఇంజినీరే అన్నాడని అందరి నమ్మకం. తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ వాటిని ఇళ్లలో వదిలి షెల్టరెక్కారు. పిన్ని రాలేదు. నేనే వెళ్లి చెయ్యి పట్టి లాగాను. గంపల దగ్గర నుంచి కదలలేదు. 'ఎవరూ వద్దనలేదు పిన్నీ, గంపలతోనే వచ్చెయ్' అని ఒక్క మాట అంటే వచ్చేది. గాలి అప్పటికే అరుస్తోంది. ఆమెకూ నాకూ మధ్య ఆ ఒక్క మాటే ఉంది. అనలేదు. గంపల్ని తిట్టాను, ఆమె మొండితనాన్ని తిట్టాను, ఒక్కణ్నే తిరిగొచ్చేశాను.

తెల్లారి, కూలిన ఇంటి గోడ కింద దొరికింది. బతికింది. కుడికాలు మాత్రం మళ్లీ నేల మీద ఆనలేదు. సంతలన్నీ తిరిగిన మనిషి ఇప్పుడు గుమ్మంలోనే కూర్చుంటుంది.

ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తిట్టదు. ఊరంతా ఆ ఇంజినీరునే తిడుతుంది. పిన్నేమో, మావాడు రెండుసార్లు అడిగాడంటూ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపిస్తుంది. వింటుంటే ఒళ్లు మండుతుంది. అయినా తలూపుతాను.

ఇప్పుడు షెల్టరు మీద ఇంకో అంతస్తు వేస్తారట. ఏం కావాలో చెప్పమని ఆ ఇంజినీరు దగ్గర్నుంచే మళ్లీ కబురొచ్చింది. ఊరు మళ్లీ నన్నే పొమ్మంది. నిన్న పిన్ని గుమ్మంలోంచి పిలిచి చెప్పింది.

"ఈపాలి కూడా అడుగు నాయినా. మూడోసారికైనా ఆడి మనసు కరుగుతాదేమో."

అడుగుతాను. అదే మొదటిసారి అవుతుంది. ఆ సంగతి ఆమెకింకా చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలియదు. మీకు చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.